తూర్పు కిటికీ కింద మంచం

మా ఇంటికి ఏడాదికి రెండుసార్లు అమెరికా నుంచి ఒక పల్చటి పత్రిక పోస్టులో వస్తుంది. ఎనిమిది పేజీలు ఉంటుంది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఉన్న ఒక ఫ్రాటర్నిటీ (ఒకే ఇంట్లో కలిసి ఉండే విద్యార్థుల సంఘం) చాప్టర్ తన పాత సభ్యులకి పంపించే న్యూస్‌లెటర్ అది. అడ్రస్ చీటీ మీద ప్రతి సభ్యుడి పేరు పక్కనా అతను చదువు ముగించిన సంవత్సరం అచ్చు వేస్తారు. నా పేరు పక్కన మాత్రం ‘సమ్మర్ 1990’ అని ఉంటుంది. నేను ఆ ఫ్రాటర్నిటీలో ఎప్పుడూ సభ్యుణ్ణి కాను. ఆ వేసవిలో మూడు నెలలు అక్కడ అద్దెకున్నాను, అంతే. మూడు నెలలున్న మనిషికి ముప్పై అయిదేళ్ళుగా ఆ ఇంటి కబుర్లు ఎందుకు వస్తున్నాయో మా పిల్లలు అడుగుతుంటారు. వాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒక్కచోట రాద్దామని కూర్చున్నాను.

వరంగల్ ఆర్ఈసీలో సివిల్ ఇంజినీరింగ్ అయ్యాక 1989 ఆగస్టులో ఎమ్మెస్ చెయ్యడానికి ఇల్లినాయ్ వెళ్ళాను. షాంపేన్, అర్బానా అని రెండు ఊళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య యూనివర్సిటీ, ఊరు దాటితే కనుచూపు మేర మొక్కజొన్న. క్యాంపస్ నడిబొడ్డున కూడా మోరో ప్లాట్స్ అని 1876 నుంచి సాగు చేస్తున్న ప్రయోగ పొలం ఉంది. దాని పక్కన లైబ్రరీ కట్టాల్సి వచ్చినప్పుడు, పంట మీద నీడ పడకూడదని లైబ్రరీనే నేల లోపల కట్టారు. ఈ సంగతి రాస్తే మా నాన్న ఆ ఉత్తరాన్ని ఊళ్ళో అందరికీ చదివి వినిపించాడట.

మొదటి ఏడాది నలుగురు తెలుగువాళ్ళం కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. మే నెలలో లీజు అయిపోయింది. ఇద్దరు ఇంటర్న్‌షిప్పులకి వెళ్ళిపోయారు, ఒకడు ఇండియా వెళ్ళాడు. నాకు వేసవిలో అసిస్టెంట్‌షిప్ సగమే ఉంది. ఒక్కణ్ణీ అద్దె కట్టుకోలేను. ఆ టెన్షన్‌లో తిరుగుతుంటే స్టూడెంట్ యూనియన్ బోర్డు మీద చేత్తో రాసిన కాగితం కనపడింది. ఫ్రాటర్నిటీ హౌస్‌లో వేసవికి గది, నెలకి 120 డాలర్లు, వంటగది వాడుకోవచ్చు అని. సెలవుల్లో కుర్రాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోతే ఇల్లు ఖాళీగా ఉంటుంది కాబట్టి, కరెంటు ఖర్చులకైనా వస్తాయని బయటివాళ్ళకి ఇస్తారని తర్వాత తెలిసింది.

మూడంతస్తుల ఎర్ర ఇటుకల ఇల్లు. ముందు తెల్ల స్తంభాలు, గుమ్మం పైన మూడు పెద్ద గ్రీకు అక్షరాలు. ఆ అక్షరాల్ని నేను అప్పటిదాకా లెక్కల పుస్తకాల్లోనే చూశాను.

ఫ్రాటర్నిటీ అంటే ఏమిటో మనవాళ్ళకి చెప్పడం కాస్త కష్టం. హాస్టల్ అందామంటే కాలేజీది కాదు. సంఘం అందామంటే అందరూ ఒకే ఇంట్లో ఉండి ఒకే బల్ల దగ్గర తింటారు. 1776లో వర్జీనియాలో విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్ళు ఫై బీటా కప్పా అని ఒక సంఘం పెట్టుకున్నారు. గ్రీకు అక్షరాలతో పేరు పెట్టుకోవడం అక్కడ మొదలైంది. ఇప్పుడు మనం చూసే తరహా ఫ్రాటర్నిటీలకి మూలం 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో పుట్టిన కప్పా ఆల్ఫా సొసైటీ అంటారు. ఒక కాలేజీలో పుట్టిన సంఘం ఇంకో కాలేజీలో శాఖ పెడితే ఆ శాఖని చాప్టర్ అంటారు. ఇల్లినాయ్‌కి మొదటి చాప్టర్ 1872లో వచ్చింది. తర్వాత పీబాడీ అనే ఆయన యూనివర్సిటీకి అధిపతిగా ఉన్న రోజుల్లో ఇలాంటి రహస్య సంఘాల్లో చేరబోమని విద్యార్థుల చేత సంతకాలు పెట్టించుకునేవారు. ఆయన దిగిపోయిన 1891లో ఆ నిషేధం పోయింది. ఆ తర్వాత ఊరంతా ఈ ఇళ్ళే లేచాయి.

మా డిపార్ట్‌మెంట్‌కి దగ్గర్లోనే పనిచేసిన జాన్ బార్డీన్, ఫిజిక్స్‌లో రెండు నోబెల్ బహుమతులు తెచ్చుకున్న ఆ మహానుభావుడు కూడా విస్కాన్సిన్‌లో చదువుకునే రోజుల్లో జీటా సై ఫ్రాటర్నిటీ సభ్యుడే. సభ్యత్వపు రుసుములో కొంత బిలియర్డ్స్ ఆడి సంపాదించుకున్నాడట. నేను వెళ్ళేనాటికి ఆయన ఉన్నారు. 1991 జనవరిలో పోయారు.

ఇక ఆ ఇంట్లో నన్ను మొదటి రోజే పట్టేసినవి గోడల మీది ఫొటోలు. ప్రతి ఏడాదికీ ఒక పెద్ద చట్రం. అందులో ఆ ఏడాది ఇంట్లో ఉన్న ఒక్కొక్కడి ముఖం కోడిగుడ్డు ఆకారంలో చిన్నగా, కింద పేరు. కాంపోజిట్ అంటారు. కింది హాల్లో మొదలై మెట్ల వెంబడి మూడో అంతస్తు దాకా ఉన్నాయి. రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు మెట్లెక్కుతూ చూసేవాణ్ణి. నున్నగా దువ్విన తలలు, గట్టి కాలర్లు, తర్వాత యూనిఫారాలు, ఆ తర్వాత భుజాల దాకా జుట్టు, మళ్ళీ పొట్టి క్రాపులు. 1943, 44ల చట్రాలు లేవు. యుద్ధంలో కుర్రాళ్ళంతా వెళ్ళిపోతే ఆ ఇంటిని సైనిక శిక్షణకి వచ్చినవాళ్ళకి ఇచ్చారట. వాటికి ముందు చట్రాల్లో ఏడుగురి ఫొటోల పక్కన చిన్న బంగారు రంగు నక్షత్రాలు అంటించి ఉన్నాయి. అవి ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

రెండో శనివారం పొద్దున్నే కింద ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే డెబ్భై దాటిన పెద్దాయన, పనిముట్ల పెట్టె పక్కన పెట్టుకుని మెట్ల కటకటా బాగుచేస్తున్నాడు. మేస్త్రీ అనుకున్నాను. ఆయన తన పేరు చెప్పి, పక్కనే ‘38’ అన్నాడు. 1938లో ఆ ఇంట్లోంచి చదువు ముగించుకుని వెళ్ళినవాడు. రోడ్ల ఇంజినీరుగా పనిచేసి రిటైరై అర్బానాలోనే ఉంటున్నాడు. ఆ ఇల్లు ఎవరి సొంతమో అప్పుడే తెలిసింది. పాత సభ్యులు కొందరు కలిసి ఒక కార్పొరేషన్‌గా ఉంటారు, ఇల్లు దాని పేరు మీద ఉంటుంది. కుర్రాళ్ళు ఆ కార్పొరేషన్‌కి అద్దె కడతారు. బాయిలర్ పాడైనా, కప్పు కారినా, పన్ను కట్టాలన్నా చూసుకోవలసింది పెద్దవాళ్ళే. జీతం ఉండదు. ముప్పైఎనిమిది ఆయన (నా మనసులో ఆయన పేరు అదే అయిపోయింది) పాతికేళ్ళుగా ప్రతి శనివారం వస్తున్నాడు.

నేను సివిల్ అని తెలిశాక ఆయనకి నేనంటే ఇష్టం పుట్టింది. కటకటా పట్టుకోమన్నాడు, మేకులందించమన్నాడు. పని చేస్తూ, “మీ ఇల్లు ఏది?” అని అడిగాడు. ఖమ్మం దగ్గర పల్లెటూరు అని చెప్పబోయాను. అది కాదు, కాలేజీలో ఎక్కడున్నావు అన్నాడు. అప్పుడు వరంగల్ గురించి చెప్పాను. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ అనీ, దేశంలో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీల్లో మొట్టమొదటిదనీ, సగం సీట్లు మా రాష్ట్రం వాళ్ళకి, సగం మిగతా రాష్ట్రాల వాళ్ళకి అనీ. మా వింగ్‌లో ఒక బెంగాలీ, ఇద్దరు మలయాళీలు, ఒక కాశ్మీరీ కుర్రాడు ఉండేవారనీ, మెస్‌లో సాంబారు ఎవరి పద్ధతిలో ఉండాలన్న దాని మీద నాలుగేళ్ళు వాదించుకున్నామనీ. ఫైనలియర్‌లో నాకు ఒక్కడికే గది ఇచ్చారు. ఆ గదిలో గోడ అల్మారా తలుపు లోపలి వైపు, అంతకుముందు అక్కడున్నవాళ్ళంతా పెన్సిల్‌తో పేరు, బ్రాంచి, సంవత్సరం రాసి ఉంచారు. నేనూ రాసి వచ్చాను. అదీ చెప్పాను.

ఆయన సుత్తి కింద పెట్టాడు. “అయితే నీకూ కాంపోజిట్ ఉంది” అన్నాడు. తర్వాత, “ఇప్పుడు నీ గదిలో ఎవరుంటున్నారు?” అని అడిగాడు.

తెలీదన్నాను. నేను వచ్చేసి అప్పటికి ఏడాదే అయింది. ఆయన ఆశ్చర్యపోయాడు. తప్పు పట్టలేదు, నిజంగా ఆశ్చర్యపోయాడు. తను పడుకున్న చోట ఆ ఏడాది పడుకుంటున్న కుర్రాడి పేరు, ఊరు, వాడి నాన్న ఏం చేస్తాడో ఆయనకి తెలుసు. ‘ఎవరున్నారో కనుక్కుంటాను’ అని నేను అనలేదు. ఎందుకు కనుక్కోవాలో అప్పటికి నాకు అర్థం కాలేదు.

ఇదంతా నాన్నకి రాశాను. నాన్న జవాబులో ఒక మాట ఉంది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. “అది మన చెరువు లాంటిదే నాయనా. తవ్వినోళ్ళు పోయారు. తాగేటోళ్ళు వేరే. నడుమ నీరటి ఉండాలె. వాడు కట్ట మీద తిరుగుతున్నంత కాలం చెరువు ఉంటది.” మా ఊళ్ళో నీరటి అంటే తూము తీసి నీళ్ళు వంతులవారీగా పొలాలకి వదిలే మనిషి. వానాకాలం రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని కట్టంతా నడిచి గండి పడుతుందేమో చూసేవాడు. ముప్పైఎనిమిది ఆయన్ని ఎన్నడూ చూడని మా నాన్న ఆయన ఎవరో నాకంటే ముందు పట్టుకున్నాడు.

జూలైలో ఒక రాత్రి కుండపోత వాన కురిసింది. క్యాంపస్ మధ్యలోంచి బోన్‌యార్డ్ క్రీక్ అని చిన్న వాగు పోతుంది. పెద్ద వానలు పడితే పొంగేది. తెల్లారేసరికి మా బేస్‌మెంట్‌లో మోకాల్లోతు నీళ్ళు. ఉన్న అరడజను మందిమీ బకెట్లతో తోడుతుంటే, నీళ్ళలో అట్టపెట్టెలు తేలుతూ కనపడ్డాయి. ముప్పైఎనిమిది ఆయన వచ్చి చూసి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. చాప్టర్ పెట్టినప్పటి నుంచి ఉన్న మీటింగుల పుస్తకాలు, పాత న్యూస్‌లెటర్లు, ఉత్తరాలు, అన్నీ ఆ పెట్టెల్లోనే.

కాగితాలు ఎలా ఆరబెట్టాలో నాకు తెలీదు. మిరపకాయలు, వడియాలు ఎలా ఆరబెడతారో తెలుసు. పెట్టెలన్నీ పైకి మోసి, పాత దుప్పట్లు తెచ్చి డైనింగ్ హాల్ బల్లల మీదా వెనక వరండాలోనూ పరిచాం. ఒక్కొక్క కాగితం విడదీసి, ఎండ నేరుగా తగలకుండా, గాలికి లేవకుండా అంచుల్లో చెంచాలు, ఫోర్కులు బరువు పెట్టాం. గంటగంటకీ తిరగేయాలి. ఎనిమిది రోజులు పట్టింది. ఆయన నా ఆగస్టు అద్దె వద్దన్నాడు. కానీ ఆ ఎనిమిది రోజులకీ నాకు దక్కింది అంతకంటే పెద్దది. ఆరబెడుతూ చదివాను.

చాలా మటుకు మామూలు సంగతులే. బొగ్గు బిల్లు ఎవరు కట్టాలి, వంటమనిషి జీతం, పియానో శ్రుతి చేయించాలా వద్దా. 1918 చివర్లో ఇన్‌ఫ్లుయెంజా వల్ల మీటింగు జరగలేదన్న ఒక్క వాక్యం, తర్వాత రెండు ఖాళీ పేజీలు. 1932, 33ల్లో కాగితం రంగే మారిపోయింది, చవక రకం. ఆ ఏళ్ళలో ఇంటి అప్పు వాయిదాలు ఆగిపోయాయి. కార్యదర్శి పాత సభ్యులందరికీ ఉత్తరాలు రాశాడు. జవాబుగా అయిదు డాలర్లు, రెండు డాలర్లు, కొందరు ఒక్క డాలరు పంపారు. ఒక కుర్రాడి తండ్రి ఫీజు కట్టలేక బండెడు బంగాళాదుంపలు పంపాడు. ఆ పద్దు పుస్తకంలో ‘అందింది’ అని రాసి, పక్కన ఆ ఏడాది ఫీజు కొట్టేశారు. ఆ గీత చూసినప్పుడు మా ఊళ్ళో షావుకారు కొట్టు పద్దులు గుర్తొచ్చాయి. అక్కడ అలాంటి గీతలు చాలా తక్కువ.

ఆ తడి కాగితాల్లో నాకు కష్టం కలిగించినవీ ఉన్నాయి. ఫొటోల్లో తెల్లగా లేని ముఖం కోసం నేను మొదటి వారమే వెతికాను. 1971 దాకా ఒక్కటీ లేదు. ఎందుకో ఇక్కడ దొరికింది. అప్పట్లో చాలా జాతీయ ఫ్రాటర్నిటీల రాజ్యాంగాల్లోనే సభ్యుడు తెల్లవాడై ఉండాలనీ, క్రైస్తవుడై ఉండాలనీ రాసి ఉండేది. నల్లజాతి విద్యార్థులకి ఈ ఇళ్ళలో చోటు లేకనే 1906లో కార్నెల్‌లో ఏడుగురు కలిసి ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, యూనివర్సిటీలు గట్టిగా అడగడం మొదలుపెట్టాక, ఆ నిబంధనలు ఒక్కొక్కటే పోయాయి. మా ఇంటి మీటింగుల పుస్తకంలో ఆ చర్చ మూడేళ్ళు నడిచింది.

ముప్పైఎనిమిది ఆయన్ని నేను అడగలేదు. నేను ఏ పేజీ పట్టుకుని ఆగిపోయానో చూసి ఆయనే చెప్పాడు. “ఆ నిబంధన ఉందని తెలిసే నేను సంతకం పెట్టాను. ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి, దాని గురించి ఒక్క రాత్రి కూడా ఆలోచించలేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే, ఆలోచించకపోవడం.” ఆ పేజీని అన్నిటికంటే జాగ్రత్తగా ఆరబెట్టమన్నాడు. చిరిగిపోతే పోనిమ్మని అనలేదు. ఆయన మీద నా గౌరవం ఆ క్షణంలో ఎంత పెరిగిందో చెప్పలేను.

ఇక ఆ ఉత్తరం. 1942 అక్టోబరులో పసిఫిక్‌లో ఓడ మీద నుంచి, 41లో చదువు ముగించిన ఒకతను చాప్టర్‌కి రాసింది. యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఇంట్లో పై అంతస్తు మొత్తం ఒకే పెద్ద పడకగది. కోల్డ్ డార్మ్ అంటారు. చలికాలంలో కూడా కిటికీలు తెరిచే ఉంచి, అందరూ వరస మంచాల మీద దుప్పట్లు కప్పుకుని పడుకుంటారు. అతను రాశాడు: తూర్పు కిటికీ కింద మంచం మీద ఇప్పుడెవరు పడుకుంటున్నారు? జనవరిలో ఆ కిటికీ సందులోంచి మంచు దుప్పటి మీద పడుతుంది, రెండు దుప్పట్ల మధ్య న్యూస్‌పేపర్లు పరుచుకోమని అతనికి చెప్పండి. పొద్దున్నే ఎండ మొదట తగిలేది ఆ మంచానికే, ఆ సంగతి కూడా చెప్పండి. అంతే. ఆ వారం మీటింగు పుస్తకంలో, తూర్పు కిటికీ మంచం ఫలానా సెకండియర్ కుర్రాడిది, అతన్ని జవాబు రాయమన్నాం అని ఉంది. అతను రాశాడో లేదో కాగితాల్లో దొరకలేదు. నేను మెట్లెక్కి 1941 చట్రం దగ్గరికి వెళ్ళాను. ఆ పేరు పక్కన నక్షత్రం ఉంది.

ఆగస్టు చివర్లో కుర్రాళ్ళు తిరిగి వచ్చారు. నేను వేరే గదికి మారిపోయాను. కొత్తవాళ్ళని చేర్చుకునే రోజుల్ని రష్ అంటారు. చేరతామని మాటిచ్చిన వాళ్ళు ప్లెడ్జ్‌లు. వాళ్ళకి పెట్టే మొదటి భోజనానికి ముప్పైఎనిమిది ఆయన నన్ను పిలిపించి, ఆ ఉత్తరం నన్నే చదవమన్నాడు. మా తెలుగు యాసలో ఇంగ్లీషు చదువుతుంటే నలభై మంది చెంచా చప్పుడు లేకుండా విన్నారు. చదవడం అయ్యాక వెనక బల్ల దగ్గర నుంచి ఒక కుర్రాడు లేచి, “ఆ మంచం ఇప్పుడు నాది” అన్నాడు. కాగితం ఇమ్మని చెయ్యి చాచాడు. తర్వాత లోపలి గదిలో వాళ్ళ క్రతువు ఉంది. సభ్యులు కానివాళ్ళు ఉండకూడదు. ఇద్దరు కుర్రాళ్ళు మర్యాదగా నన్ను గుమ్మం దాకా దిగబెట్టారు. నాకు చిన్నతనం అనిపించలేదు. ప్రతి ఇంటికీ ఒక దేవుడి గది ఉంటుంది, అందులోకి అందరూ వెళ్ళరు.

అక్టోబరులో హోమ్‌కమింగ్. పాత విద్యార్థుల్ని ఏడాదికోసారి కాలేజీకి పిలిచే ఈ పండగని తామే 1910లో మొదలుపెట్టామని ఇల్లినాయ్ వాళ్ళు చెబుతారు. బేలర్, మిస్సోరీ యూనివర్సిటీల వాళ్ళు మాది ముందంటారు. ఎవరిది ముందైనా, షాంపేన్ స్టేషన్ నుంచీ హైవే నుంచీ వాళ్ళు రావడం చూడాలి. చేతికర్రలతో, మనవళ్ళతో వచ్చి గుమ్మంలో నిలబడి పేరుకంటే ముందు సంవత్సరం చెబుతారు. ‘ఇరవైఆరు.’ ‘యాభైమూడు.’ భోజనాల దగ్గర పెద్దవాళ్ళందరూ ఒక బల్లకి చేరకూడదన్నది ఆ ఇంటి నియమం. ప్రతి బల్లకీ ఇద్దరు పెద్దవాళ్ళు, మిగతా కుర్రాళ్ళు. ఉద్యోగాలు, సిఫార్సులు అక్కడే కుదిరేవి, నిజమే. కానీ ఎక్కువగా మాట్లాడుకున్నది పాత వంటమనిషి చేసే ‘పై’ అనే పిండివంట గురించీ, బాయిలర్ గురించీ.

ఆ సాయంత్రం ముప్పైఎనిమిది ఆయన నన్ను గ్రీన్ స్ట్రీట్ మూలనున్న ఆల్మా మేటర్ విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళాడు. 1879లో ఇక్కడే చదువు ముగించిన శిల్పి లొరాడో టాఫ్ట్ మలిచినది, 1929లో ఆవిష్కరించారు. చేతులు చాచి నిలబడిన తల్లి. ఏడాదిగా రోజూ దాని పక్క నుంచే వెళ్తున్నాను, పీఠం మీద అక్షరాలు చదవలేదు. రాబోయే నీ సంతోషభరిత సంతానానికి, గడిచిన కాలపు సంతానం పంపే నమస్కారాలు అని వాటి అర్థం. ఆయన చదివి వినిపించి ఊరుకున్నాడు. ఇంకేం చెప్పలేదు.

ఎమ్మెస్ అయ్యాక వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలకి మొదటి న్యూస్‌లెటర్ వచ్చింది. పొరపాటున పంపారనుకుని చీటీ చూశాను. ‘సమ్మర్ 1990’. తర్వాత ఫోన్ చేసి అడిగితే, జాబితా ఆయనే చేత్తో చూసుకుంటాడనీ, ఆ సంవత్సరం ఆయనే రాశాడనీ చెప్పారు. 1997లో ఆయన పోయిన కబురు కూడా ఆ పత్రికలోనే చూశాను. అప్పటి నుంచి ఊళ్ళు మారినప్పుడల్లా, హైదరాబాద్ తిరిగి వచ్చేశాక కూడా, వాళ్ళకి అడ్రస్ రాస్తూనే ఉన్నాను.

అమెరికాలో మనవాళ్ళ పిల్లలూ ఇప్పుడు ఈ దారిలో ఉన్నారు. 1994లో బింగ్‌హామ్‌టన్‌లో అయోటా న్యూ డెల్టా అని పెట్టుకున్నారు, మొదటి అక్షరాలు కలిపితే ఐ.ఎన్.డి. వస్తుంది. 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై పుట్టింది. మా స్నేహితుడి కొడుకు ఇలాంటి ఒక చాప్టర్‌లో చేరతానంటే వాళ్ళమ్మ భయపడి నాకు ఫోన్ చేసింది. ఆ భయం ఉత్తది కాదు. కొత్తవాళ్ళని హింసించడం వల్ల, బలవంతంగా తాగించడం వల్ల అక్కడ పిల్లలు చనిపోయారు. మన దగ్గర ర్యాగింగ్ మీద 1997లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసినట్టే, హేజింగ్ మీద అక్కడ 2024 చివర్లో జాతీయ స్థాయిలో చట్టం వచ్చింది. నేను ఆమెకి ఒకటే చెప్పాను: వాళ్ళ పాత సభ్యులు ఎంత తరచుగా ఆ ఇంటికి వస్తారో అడగమ్మా, వచ్చి ఏం చేస్తారో అడుగు. పెద్దవాళ్ళు పండక్కి తప్ప రాని ఇల్లయితే నాకూ భయమే.

మా వరంగల్ సంగతికి వస్తాను. 2002లో ఆర్ఈసీ ఎన్ఐటీ అయింది. 2014 డిసెంబరులో మా బ్యాచ్ పాతికేళ్ళ కలయిక. వందమందికి పైగా వచ్చాం. టీషర్టులు, గ్రూప్ ఫొటోలు, విరాళం చెక్కు, రాత్రి రెండింటి దాకా కబుర్లు. రెండు రోజుల్లో అక్కడ చదువుతున్న ఒక్క పిల్లాడితోనూ మేం మాట్లాడలేదు. వాళ్ళు దారి పక్కకి తప్పుకుని నిలబడ్డారు, మేం మా మధ్య నవ్వుకుంటూ వెళ్ళిపోయాం. రెండో రోజు మధ్యాహ్నం అది నా మనసుకి తగిలింది. ముప్పైఎనిమిది ఆయన బల్లలు గుర్తొచ్చాయి. ఒక్కణ్ణే లేచి మా పాత బ్లాక్‌కి నడిచాను.

తలుపు కొడితే శ్రీకాకుళం కుర్రాడు తీశాడు. ఎవరో ఆఫీసర్ అనుకుని కంగారుగా “సార్, రండి సార్” అన్నాడు. ఇరవై అయిదేళ్ళ కింద ఇదే గదిలో ఉన్నానని చెప్పి, అల్మారా తెరవమన్నాను. లోపలంతా పెయింట్ వేసేశారు. మా పేర్లు లేవు. కానీ ఆ పెయింట్ మీద మళ్ళీ పేర్లున్నాయి. 2006 నుంచి మొదలు, పేరు, బ్రాంచి, సంవత్సరం. మా జాబితా ఉందని తెలియని పిల్లలు, అదే తలుపు మీద, అదే వరసలో రాసుకుంటూ వచ్చారు. నేను మాట్లాడలేకపోయాను. ఆ అబ్బాయి నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా పెన్సిల్ ఇచ్చాడు. వాళ్ళ జాబితాకి పైన కొంచెం చోటుంది. అక్కడ రాశాను.

అతనికి నా నంబరిచ్చి, నువ్వు ఖాళీ చేసేటప్పుడు తర్వాత వచ్చేవాడికి ఇవ్వు అని చెప్పాను. ఇచ్చాడు. అతను ఇంకొకడికి ఇచ్చాడు. కరోనా ఏళ్ళలో గది ఖాళీగా ఉంది, నా కాంపోజిట్‌లోనూ రెండు చట్రాలు లేవనుకున్నాను. తర్వాత మళ్ళీ కలిసింది. ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్ళి, ఆ వింగ్ పిల్లలతో కాలేజీ గేటు ఎదురుగా టీ తాగి వస్తాను. రెజ్యూమే చూడమంటారు, గేట్ పరీక్ష రాయాలా ఉద్యోగం చూసుకోవాలా అని అడుగుతారు. ఇంట్లో వాళ్ళకి చెప్పుకోలేని మార్కుల సంగతి ఒకడు నడుస్తూ నడుస్తూ చెప్పేశాడు. వాళ్ళంతా నన్ను అన్నా అంటారు. మా అబ్బాయి కంటే చిన్నవాళ్ళు.

ఈ జూలైలో కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. బీహార్ కుర్రాడు. ‘అన్నా’ అన్న ఒక్క మాటా తెలుగు, మిగతాది ఇంగ్లీషు. ఇప్పుడు ఆ గది నాది, మీరున్నప్పుడు ఎలా ఉండేదో చెప్పండి అని. కూర్చుని పొడుగ్గా రాశాను. మంచం ఏ గోడకి వేస్తే పొద్దున ఎండ కళ్ళలో పడదో రాశాను. రాత్రి పదకొండు దాటాక కాజీపేట వైపు నుంచి గూడ్స్ బండి కూత వినిపించేది, ఇంటి మీద బెంగపడిన రోజుల్లో ఆ బండి మా ఖమ్మం మీదుగానే పోతుందనుకుని నిద్రపోయేవాణ్ణి, ఇప్పుడూ వినిపిస్తోందా అని అడిగాను.

ఎప్పుడూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటానన్నా, ఈ రాత్రి తీసి వింటాను అన్నాడు.

పదకొండూ నలభైకి మెసేజ్ వచ్చింది. ‘వినిపించింది.’